ఎదురంగడి సాక్ష్యం

మా మామగారు పాలవాణ్ణి నమ్మరు, పంచాంగాన్ని నమ్మరు, వాన పడుతుందని చెప్పే రేడియోని నమ్మరు. వాన పడుతున్నప్పుడు కూడా కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తడి చూసుకుని గానీ గొడుగు తీయరు. అలాంటి మనిషి చంద్రుడి మీద మనుషులు దిగి నడిచారన్న మాటని మాత్రం నూటికి నూరుపాళ్ళూ నమ్మారు. ఆ నమ్మకం చూశాకే నాకు ఆయన మీద అనుమానం మొదలైంది. చెంబెడు పాలని నమ్మని వాడు చందమామని ఎలా నమ్మాడా అని.

మొన్న పురసవాక్కంలో కిరాణా కొట్టాయన ఇంగువ డబ్బా చేతికిచ్చి, "నమ్మి తీసుకోమ్మా" అన్నాడు. నా చెయ్యి దానంతట అదే మూత తీసి, చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య నలిపి వాసన చూసింది. కొట్టాయన ముఖం మాడ్చుకున్నాడు. ఇంగువ కట్టిన గుడ్డ అంటారే, నా సంగతీ అదే. మనిషి పోయినా వాసన పోలేదు.

నాది తెనాలి. పెళ్ళయి సౌకార్‌పేటకి వచ్చేనాటికి ఊరి పేరింకా మద్రాసే. కింద ఇంగువ టోకు కొట్టు, పైన ఇల్లు. తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగువాళ్ళు వాళ్ళు. నేను "ఇక్కడ", "అక్కడ" అంటే మా ఆడబిడ్డ నవ్వేది. వాళ్ళు "ఈడ", "ఆడ" అంటే నాకు నవ్వొచ్చేది గానీ కొత్త కోడలిని కాబట్టి మింగేసేదాన్ని. మామగారు మాత్రం నా భాషకి నవ్వలేదు. భాషలోనూ కల్తీ ఏమైనా ఉందా అన్నట్టు చెవి రిక్కించి వినేవారు.

కల్తీ పట్టడమే ఆయన వృత్తి. ఇంగువలో తుమ్మబంక కలుపుతారు, పిండి కలుపుతారు, మట్టి కూడా కలుపుతారట. ఆయన ఓ ముక్క తుంచి నిప్పు మీద వేసేవారు. అసలుదైతే కర్పూరంలా అంటుకుంటుంది. ఇంకో ముక్క నీళ్ళలో వేసేవారు. అసలుదైతే నీళ్ళు పాలలా మారతాయి. ఇంత చేసి కూడా, తెచ్చినవాడి ముఖంలోకి తేరిపార చూసి, "ఉంటాది, ఉంటాది. ఎవురు చూసినారు?" అనేవారు. అది ఆయన ఊతపదం. గుళ్ళో ప్రసాదం నెయ్యితో చేశారన్నా అదే మాట. డాక్టరు రక్తంలో చక్కెర లేదన్నా అదే మాట.

ఇంట్లో ఎండుద్రాక్ష డబ్బాకి దారం కట్టి ఉండేది. ఆ ముడి ఆయనకొక్కరికే వచ్చు. సామాన్లగది గడప ముందు రోజూ పడుకోబోయే ముందు గుప్పెడు బియ్యప్పిండి పలచగా చల్లేవారు. పొద్దున్నే కళ్ళద్దాలు పెట్టుకుని, వంగి, దాని మీద అడుగులేమైనా పడ్డాయా అని చూసుకుని, ఆ తర్వాతే కాఫీ తాగేవారు.

ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. కాపురానికొచ్చిన కొత్తలో ఓ శుక్రవారం తెల్లవారుజామున లేచి చూస్తే గడప ముందు చెల్లాచెదరుగా పిండి. పాపం, అత్తగారు ముగ్గు మొదలుపెట్టి సగంలో వదిలేశారు కాబోలు అనుకున్నాను. నా పనితనం చూపించుకుందామని ఆ పిండి చేత్తో సర్ది, ఇంకాస్త తెచ్చి, ఎనిమిది రేకుల పద్మం వేసి, చుట్టూ తీగ కూడా తిప్పాను. మా తెనాలి ముగ్గంటే ఏమనుకున్నారు!

మామగారు కళ్ళద్దాలతో వచ్చి ఆ పద్మం ముందు నిలబడిపోయారు.

"ఎవురీ ముగ్గేసింది?"

"నేనే మామయ్యగారూ. ఎవరో సగంలో వదిలేశారని..."

ఆయన లోపలికి తిరిగి అత్తగారితో అన్నారు: "చూస్తివా? అడుగులు చెరిపేదానికి ఇంతకన్నా మంచి తోవ ఉండాదా? కోడలు గట్టిదే."

ఆ రోజు నుంచి నేను ఆయన లెక్కలో గట్టిదాన్నయ్యాను. నేను పాలు కాచిస్తే గ్లాసు ఎత్తి వెలుతురుకి పెట్టి చూసేవారు. నేను కూరగాయలు తెస్తే సంచి తిరగేసేవారు. నాకు ఒళ్ళు మండేది. మా ఆయనతో చెబితే, "నన్నూ అట్లే చూస్తాడు. పట్టించుకోబాకు" అనేవారు. కొడుకుని అలా చూస్తే ముద్దు, కోడలిని అలా చూస్తే నింద. ఆ తేడా మగవాళ్ళకి ఎప్పుడు తెలిసింది గనక?

చంద్రుడి మీద మనిషి దిగి పాతికేళ్ళయిందని టీవీలో ఆ పాత బొమ్మలు వేసిన రోజు ఆడబిడ్డా, ఆవిడ భర్తా మా ఇంట్లోనే ఉన్నారు. ఆయనకి పురసవాక్కంలో బట్టల కొట్టు. తెర మీద తెల్లటి మసకలో ఇద్దరు గెంతుతూ నడుస్తున్నారు. మామగారు చేతులు కట్టుకుని, గుళ్ళో నిలబడ్డట్టు నిలబడి చూస్తున్నారు.

"ఇదంతా చుమ్మా, వొట్టిదే మామా" అన్నాడు అల్లుడు. "కోడంబాక్కంలో సెట్టేస్తే ఇంతకన్నా బాగా తీస్తారు. ఆడ గాలి లేదంటారు, జెండా కదలతా ఉండాది చూడండి."

ఇప్పుడు వస్తుంది "ఎవురు చూసినారు" అని నేను ఎదురుచూశాను. రాలేదు. మామగారి ముఖం ఎర్రబడింది. అల్లుడి మీద ఆయన గొంతు లేవడం అదే మొదలు, అదే చివర.

"మాపిళ్ళా, మీ కొట్లో చీరకు రంగు పోతాదని ముందు చెప్పేదెవురు?"

"కొన్నోళ్ళు."

"గాదు. ఎదురంగడోడు. కొన్నోళ్ళకు ఉతికినాక తెలుస్తాది. ఎదురంగడోడికి మీరు మూట దించేటప్పుడే తెలుస్తాది. ఎందుకంటే వాడు పగలంతా మిమ్మల్నే చూస్తా కూర్చోనుంటాడు. అవునా? మరి ఈ అమెరికావాడికి ఎదురంగడి ఎవురు? రష్యావాడు. ఆడికి ముందు మేమే పోవాలని కాచుకోనున్నోడు. ఈడు దొంగ సరుకు పెట్టుంటే వాడు బజార్లో నిలబడి అరిచుండడా? అరిచినాడా? లేదే! ఎదురంగడోడు నోరు మూసుకున్నాడంటే సరుకు అసలుది. అంతే."

అల్లుడు టీ తాగేశాడు. టీవీలో ఆ ఇద్దరూ జెండా పక్కన నిలబడి ఉన్నారు. నాకు మాత్రం ఆ తర్కం ఎంత బాగున్నా, మామగారు దాచిపెట్టింది ఇంకేదో ఉందనిపించింది. ఒప్పుకోవడం వేరు, గుళ్ళోలా నిలబడడం వేరు.

ఆ ఏడు ఆయుధపూజకి మరో సంగతి బయటపడింది. కొట్లో త్రాసుకీ రాళ్ళకీ గంధం, కుంకుమ పెట్టాక ఇనప్పెట్టె తలుపు తెరిచారు. నేను దాని లోపలివైపు చూడడం అదే మొదలు. లక్ష్మీదేవి పటం, దాని పక్కన ఎప్పటిదో పత్రికలోంచి కత్తిరించి అంటించిన బొమ్మ. చంద్రుడి మీది దుమ్ములో బూటుకాలి గుర్తు. మామగారు లక్ష్మీదేవికి బొట్టు పెట్టి, అదే వేలితో ఆ బూటు గుర్తుకి కూడా పెట్టారు.

"చెప్పుకాలికి బొట్టు పెట్టే మొగోణ్ణి నేనేడా చూళ్ళా" అని అత్తగారు నెత్తి కొట్టుకున్నారు.

"గుళ్ళో శఠారి నెత్తిన పెట్టించుకుంటావే, దాని మీద ఉండేదేంది? స్వామి చెప్పులే గదా" అన్నారాయన. తర్వాత నా వైపు తిరిగి, "ఆడ గాలి లేదంటమ్మా. వాన లేదంట. ఆ అడుగు ఇంకా అట్లే ఉంటాదంట. ఎవురూ ముగ్గేసి చెరపలేరు" అన్నారు. అప్పుడు తెలిసింది నాకు, గడప ముందు పిండి చల్లే మనిషికి ఆ బొమ్మ మీద అంత భక్తి ఎందుకో. ఎత్తిపొడుపుకి కోపం రావాల్సింది, నవ్వొచ్చింది.

ఆ నవ్వు ధైర్యంతో ఓ మధ్యాహ్నం కొట్లోకి కాఫీ తీసుకెళ్ళినప్పుడు అడిగేశాను. "ఆ వెళ్ళినవాళ్ళలో మీకు ఎవరంటే గౌరవం మామయ్యగారూ? మొదట దిగినాయనా, రెండో ఆయనా?"

ఆయన ఇంగువ ముక్క నీళ్ళలో వేసి, అది కరగడం చూస్తూ చెప్పారు.

"ముగ్గురు పోయినారు. ఇద్దరు దిగినారు. ఒకణ్ణి పైన ఓడలో పెట్టినారు. ఇంటికి పోయే ఓడ అదేనమ్మా. తాళం చెవి వాడి చేతిలో పెట్టి వీళ్ళు దిగినారు. నేనైతే దిగుదునా? ఈ కొట్టు మెట్లు దిగేదానికే నాకు నడుమున తాళం ఉండాల." మొలతాడుకి వేలాడే ఇనప్పెట్టె తాళం చెవిని పంచె మీంచే తడుముకున్నారు. "దిగినోళ్ళది గొప్పే. పైనున్నోడిది ఇంకా కష్టం. వీళ్ళు తిరిగి రాకపోతే వాడొక్కడే ఇంటికి పోవాల. లోకమంతా వాణ్ణే చూస్తాది. వదిలేసి వచ్చినాడంటాది. వాడు తప్పు చేయలేదని చెప్పేదానికి సాక్ష్యం ఏడుండాది? ఎంత నింద!"

నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. ఆయన తల ఊపి, "ఉంటాది" అన్నారు. ఎవురు చూసినారు అనలేదు.

మరుసటి ఏడు వినాయక చవితినాడు పొద్దు గూకకుండానే ఇంట్లో కిటికీలన్నీ మూయించారు. ఆ రోజు చంద్రుణ్ణి చూస్తే చేయని తప్పుకి నింద పడుతుందని మన నమ్మకం కదా. ఆ ఒక్క రోజు ఆయన అభిమానం కూడా మూసిన కిటికీల వెనకే ఉండేది. నేను మిద్దె మీద ఆరేసిన పట్టుచీర మరిచిపోయి పైకి వెళ్ళాను. తల వంచుకునే వెళ్ళాను. చీర మడత పెడుతుంటే, మనిషి నడిచిన చోటు, మామగారు బొట్టు పెట్టిన చోటు ఎలా ఉంటుందో ఒక్కసారి చూద్దామనిపించింది. తలెత్తాను. సన్నగా, వంకరగా, అమాయకంగా ఉంది.

దిగి వచ్చేసరికి మెట్ల దగ్గర మామగారు.

"చూసినావా?"

"చూశాను. మనుషులు తిరిగిన చోటే కదండీ, ఇంకా నిందేమిటి?"

"ఆళ్ళు చవితి పొద్దు పోలేదమ్మా. చవితికి రెండు నెలలు ముందే బయల్దేరినారు. ఆళ్ళకు తెలీకనా? పో, కథ విని అక్షింతలు వేసుకో."

వేసుకున్నాను. అయినా నింద రానే వచ్చింది. ఆ పండగకి వచ్చిన ఆడబిడ్డ తలంటుకోబోతూ రవ్వల దుద్దులు తీసి నా గది కిటికీలో పెట్టింది. తిరిగొచ్చి చూస్తే ఒకటే ఉంది. మంచాలు జరిపారు, చాపలు దులిపారు, మురుగు తూములో పుల్ల పెట్టి కెలికారు. దొరకలేదు. ఎవరూ నా పేరు ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు కూడా. అత్తగారే మెల్లగా అన్నారు: "చవితి సందమామను చూసినావంటగదమ్మా. చూస్తే ఊరికే పోతాదా?"

ఆడబిడ్డ నా ముఖం చూడకుండా, "అందరి పెట్టెలూ చూస్తే సరిపోతాది. ముందు వదినది చూద్దాం" అంది. మా ఆయన గోడకేసి చూస్తూ నిలబడ్డారు. ఆ నిలబడడాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

నాకు పుట్టింటివాళ్ళిచ్చిన ట్రంకుపెట్టె గది మధ్యకి వచ్చింది. ఆ మూత లేచిందంటే సెంట్రల్ స్టేషన్‌కి వెళ్ళి తెనాలి బండి ఎక్కెయ్యాలని ఆ క్షణానే నిర్ణయించుకున్నాను. దుద్దు దొరికినా దొరక్కపోయినా మళ్ళీ ఆ గడప తొక్కను. ఈ గొడవ విని మామగారు కొట్లోంచి పైకి వస్తున్న చప్పుడు వినబడింది. అందరికీ తెలుసు, వెతకడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. నేను పెట్టె తాళం తీసి చేత్తో పట్టుకున్నాను.

ఆయన గుమ్మంలో నిలబడి పెట్టెని చూశారు, నన్ను చూశారు.

"మూసి ఆడ పెట్టండి" అన్నారు. "తెరిచే పని లేదు."

"అది గాదు నాయనా..." అంది ఆడబిడ్డ.

"నేను చెప్పేది విను. ఈమె ఈ ఇంటికొచ్చిన పొద్దు నుంచి ఈమె మీద కన్నేసి పెట్టిందెవురు? నువ్వా? మీ అమ్మా? నేను. ద్రాక్ష డబ్బాకు దారం కట్టింది ఎవురి కోసరం? గడప కాడ పిండి పోసింది ఎవురి కోసరం? పాలు, కూరలు, చిల్లర, అన్నీ చూసినా. దొరకాల, దొరకాల అని చూసినా. ఈమె దొంగైతే ముందు అరవాల్సినోణ్ణి నేను. నాకే దొరకలా. ఎదురంగడోణ్ణి నేను చెప్తా ఉండా, సరుకు అసలుది."

అంతే, గిరుక్కున తిరిగి కిందికి వెళ్ళిపోయారు.

నాకు ఏడవాలో, తిట్టాలో, కాళ్ళకి దణ్ణం పెట్టాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ దొంగని చూసినట్టు చూశానని నలుగురిలో ఒప్పుకున్న మనిషే నా పరువు నిలబెట్టాడు. మంచివాళ్ళు ఎవరైనా "మా కోడలు అలాంటిది కాదు" అంటారు. ఆ మాటకి విలువెంత? ఈయన మాట కాదనడానికి ఇంట్లో ఎవరికీ నోరు లేచింది కాదు. దుద్దు ఈనాటికీ దొరకలేదు. మర్నాడు చూస్తే ద్రాక్ష డబ్బాకి దారం యథాప్రకారం కట్టే ఉంది. ఒట్టు, నాకెందుకో ఆ దారం చూసి సంతోషం వేసింది.

తర్వాత కొన్నేళ్ళకి ఆయన కడుపులో గడ్డ అన్నారు, కోయాలన్నారు. ఆస్పత్రిలో పై అంతస్తులో గది, కోతగది కింద. తీసుకెళ్ళే ముందు ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదని నర్సు మొలతాడు కత్తిరించింది. ఇనప్పెట్టె తాళం చెవి ఆయన అరచేతిలోకి వచ్చింది. మంచం చుట్టూ అత్తగారు, కొడుకు, కూతురు, అల్లుడు, నేను. అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూశారు, ఇంగువ తెచ్చినవాడి ముఖం చూసినట్టు.

"ఏమ్మా, ఇట్రా" అన్నారు.

వెళ్ళాను. చెవిని నా చేతిలో పెట్టి వేళ్ళు మూశారు.

"నేను కిందికి దిగతా ఉండా. నీవు పైనుండు."

నాకు కొట్టూ, ఇంగువ కరిగిన నీళ్ళూ గుర్తొచ్చాయి. "వచ్చేస్తారు మామయ్యగారూ" అన్నాను.

"ఉంటాది, ఉంటాది. ఎవురు చూసినారు?" అని కొద్దిగా నవ్వారు. "రాకపోతే నీకు కష్టమే. తెలుసు నాకు. అయినా పెట్టుకో."

రాలేదు.

ఆయన చెప్పిన కష్టం ఆ సాయంత్రమే తెలిసింది. ఇంట్లో అందరూ ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు. ఏడవని కోడలినీ, కొంగున ముడేసిన తాళం చెవినీ అందరూ మార్చి మార్చి చూశారు. "నాయన నీకు చెప్పిందేంది?" అని మా ఆయన కూడా అడిగారు. "పైనుండమన్నారు" అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. పెట్టెలో ఏముందో, ఎంతుందో ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. రేపు ఏది తగ్గినా నా తలకే. నన్ను రాత్రింబగళ్ళు అనుమానించిన మనిషి ఒక్కడే నాకు సాక్షి. ఆ సాక్షి కాస్తా పోయాడు.

లేచి వంటింట్లోకి వెళ్ళాను. గుప్పెడు బియ్యప్పిండి తెచ్చి, ఇంటినిండా జనం చూస్తుండగా కిందికి దిగి, కొట్లో ఇనప్పెట్టె ముందు పలచగా చల్లాను. కొంగు ముడి విప్పి తాళం చెవి ఆయన పటం ముందు పెట్టాను. "పెద్దకర్మ అయ్యేదాకా ఎవరూ ఇటు రావద్దు. నేనూ రాను" అన్నాను. అత్తగారు తల ఊపారు. ఆడబిడ్డ చాప తెచ్చుకుని ఆ పిండికి ఎదురుగా వేసుకుని కూర్చుంది. కర్మ జరిగినన్నాళ్ళూ తిండికీ స్నానానికీ తప్ప ఆ చాప వదల్లేదు. నన్ను కనిపెట్టడానికే కూర్చుందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకీ తెలుసు.

పెద్దకర్మ అయ్యాక బంధువులందరి ముందూ మా ఆయన పెట్టె తెరిచారు. తలుపు లోపల లక్ష్మీదేవి, పక్కన ఎండిన కుంకుమతో ఆ బూటుకాలి గుర్తు. దూరపు బంధువొకాయన గొంతు సవరించుకుని, "ఇన్ని దినాలు చెవి బయటే ఉండాదే, ఎవురన్నా తెరిచినారేమో..." అని నసిగాడు. అంటూ నా వైపు చూశాడు.

నేను నోరు తెరవబోయాను. అంతకంటే ముందే ఆడబిడ్డ లేచి నిలబడింది.

"ఎవురూ తెరవలా" అంది. "పిండి మీద అడుగు పళ్ళా. వదిన ఈ పక్కకే రాలా. నేను చూస్తానే ఉండా."

అదిగో, అప్పుడు ఏడ్చాను. ఆ మాట వినడానికి ఆయన లేరే అని, ఆ పిండి మీదే కూలబడి, బంధువులందరూ బిత్తరపోయేలా ఏడ్చాను.